పెద్ద టైరుతో ఏం దక్కుతుంది, ఏం పోతుంది

మారుతి జిమ్నీ షోరూమ్ నుంచి బయటికొచ్చేటప్పుడు దానికి ఉండేది 195/80 ఆర్15 టైరు. పెట్టెలా నిటారుగా నిలబడే ఆ బండి కింద అంత సన్నటి టైరు నప్పలేదన్నది చాలామంది యజమానుల మాట. 2023 జూన్‌లో ఐదు తలుపుల జిమ్నీ మన మార్కెట్లోకి దిగీ దిగగానే టైరు దుకాణాల్లో 215/75 ఆర్15 గురించి, ఇంకాస్త తెగువ ఉన్నవాళ్లకు 235/75 ఆర్15 గురించి బేరాలు మొదలయ్యాయి. మహీంద్రా థార్ సంగతి చెప్పనే అక్కర్లేదు. 2020 అక్టోబరు 2న కొత్త థార్ అమ్మకానికి వచ్చింది మొదలు, బండి ఇంటికి రాకముందే టైరు సైజు నిర్ణయించుకునే యువకులు హైదరాబాద్‌లోనూ విజయవాడలోనూ విశాఖలోనూ తయారయ్యారు.

ఈ కోరికను తేలిగ్గా తీసిపారేయడం సబబు కాదు. పెద్ద టైరు వల్ల నిజంగా ఒనగూరే లాభం ఒకటుంది, అది మరే మార్పుతోనూ రాదు. అయితే దాని వెంట బండిలో ఇంకెన్ని భాగాల లెక్క తప్పుతుందో దుకాణంలో ఎవరూ విడమరచి చెప్పరు. టైరును విడి వస్తువుగా కొంటున్నామనుకోవడంలోనే చిక్కంతా ఉంది.

ముందు అంకెలు. 195 అంటే టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. 80 అంటే ఆ వెడల్పులో 80 శాతం పక్కగోడ ఎత్తు. 15 అంటే రిమ్ వ్యాసం, అంగుళాల్లో. లెక్క కడితే జిమ్నీ టైరు నేల నుంచి పైఅంచు దాకా 693 మి.మీ. వస్తుంది. 215/75 వేస్తే అది 703.5 అవుతుంది, 235/75 వేస్తే 733.5. మొదటిది ఒకటిన్నర శాతం పెరుగుదల, రెండోది దాదాపు ఆరు శాతం. టైర్ల వ్యాపారంలో చాలాకాలంగా ఒక మోటు లెక్క నడుస్తోంది: అసలు ఎత్తుకు అటూ ఇటూ మూడు శాతం లోపలైతే బండి సర్దుకుపోతుంది, దాటితే మిగతా భాగాల సంగతి కూడా చూడాలి. థార్‌కు కంపెనీయే రెండు సైజులు ఇచ్చింది. 16 అంగుళాల రిమ్ మీద 245/75, 18 అంగుళాల రిమ్ మీద 255/65. రిమ్ రెండంగుళాలు మారినా టైరు ఎత్తు 774 నుంచి 789 మి.మీ.కే పెరిగింది. తేడా రెండు శాతం కూడా లేదు. బండిని గీసి, పరీక్షించిన ఇంజినీర్లు తమకు తాము పెట్టుకున్న హద్దు అది.

ఇక లాభం. జిమ్నీకి ముందూ వెనకా గట్టి ఇరుసులే. థార్‌కు వెనక మాత్రం గట్టి ఇరుసు. అలాంటి ఇరుసు మధ్యలో ఉబ్బెత్తుగా ఉండే డిఫరెన్షియల్ పెట్టె బండి అడుగున అన్నిటికంటే కిందకు వేలాడుతుంది. రాళ్ల బాటలో మొదట తగిలేది అదే. వేలకు వేలు పోసి లిఫ్ట్ కిట్ వేయించుకుంటే బాడీ పైకి లేస్తుంది, ఇరుసు మాత్రం ఉన్నచోటే ఉంటుంది. ఇరుసును నేల నుంచి పైకి లేపగలిగేది టైరు ఒక్కటే. పైగా చక్రం ఎంత పెద్దదైతే గుంతలో అంత తక్కువ దిగుతుంది, రాయిని అంత సులువుగా ఎక్కుతుంది. మన పాత ఎడ్లబండ్లకు నడుము దాటే ఎత్తు చక్రాలు ఎందుకుండేవో ఇందులోనే తెలుస్తుంది. గాడి పడిన డొంకల్లో, వాగుల్లో చక్రం ఎత్తే బండిని గట్టెక్కించేది. తర్వాత టైరు బండ్లు వచ్చాయి. చక్రం చిన్నదైంది గానీ, ఆ లోటును రబ్బరు, గాలి చాలావరకు పూడ్చాయి.

అయితే ఆ లాభం ఎంత? టైరు ఎత్తు పెరిగినదాంట్లో సగమే ఇరుసు కిందకు వస్తుంది. జిమ్నీకి ఆరు శాతం పెద్ద టైరు వేస్తే దక్కేది 20 మి.మీ. కంపెనీ చెప్పిన 210 మి.మీ. గ్రౌండ్ క్లియరెన్స్ 230 అవుతుంది. బండరాళ్ల మధ్య ఆ 20 మి.మీ. విలువైనదే. ఔటర్ రింగ్ రోడ్డు మీద దానితో పనే లేదు.

దానికి కట్టే మూల్యం మాత్రం ఔటర్ రింగ్ రోడ్డు మీద కూడా కట్టాల్సిందే.

ఇంజిన్ తిప్పే బలం ఇరుసు దాకా ఎప్పటిలాగే వస్తుంది. అక్కడి నుంచి నేలకు చేరేటప్పుడు చక్రం వ్యాసార్థం పెరిగిన మేరకు లాగుడు తగ్గుతుంది. జిమ్నీలో 1.5 లీటర్ల పెట్రోలు ఇంజిన్ ఇచ్చే టార్క్ 134 న్యూటన్ మీటర్లు. ఉన్నదే తక్కువ, అందులో ఐదున్నర శాతం పోతే ఘాట్ రోడ్డులో ఒక గేరు కిందకు దిగి ఎక్కాల్సి వస్తుంది. అరకు దారిలో నలుగురూ సామానూ ఉన్నప్పుడు అది కాలికి తెలుస్తుంది. థార్ డీజిల్‌కు 300 న్యూటన్ మీటర్లు ఉన్నాయి కాబట్టి అది అంతగా బయటపడదు. బ్రేకులకూ ఇదే లెక్క. పెడల్‌ను అంతే బలంగా తొక్కితే పెద్ద టైరు నేల మీద పట్టే పట్టు అదే ఐదున్నర శాతం తగ్గుతుంది. బరువు దీనికి అదనం. పెద్ద టైరులో రబ్బరు, తీగలు ఎక్కువ, ఆ బరువులో ఎక్కువ భాగం చక్రం అంచున ఉంటుంది. అంచున తిరిగే కిలోను కదిలించడానికీ ఆపడానికీ బండి లోపల పెట్టిన కిలోకు దాదాపు రెట్టింపు శ్రమ కావాలి. బండి బద్ధకంగా మారిందని కొత్త టైర్ల యజమానులు అంటుంటారు. మొదటి కారణం ఇదే.

స్పీడోమీటర్ సంగతి ఇంకా సున్నితం. అది వేగాన్ని నేరుగా చూడదు, చక్రం ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెడుతుంది. కంపెనీ టైరు కిలోమీటరుకు దాదాపు 459 చుట్లు తిరుగుతుంది, 733.5 మి.మీ. టైరు 434 చుట్లే తిరుగుతుంది. ముల్లు ఒకే అంకె చూపిస్తున్నా, పాత టైర్లతో పోలిస్తే కొత్త టైర్లతో బండి 5.8 శాతం ఎక్కువ వేగంతో పోతుంటుంది. స్పీడోమీటర్ అసలు వేగం కంటే తక్కువ చూపించకూడదన్నది ఐక్యరాజ్యసమితి వాహన నిబంధనల్లో 39వ దాని షరతు. అందుకే కంపెనీలు ముల్లును కొంచెం ఎక్కువ చూపించేలా అమరుస్తాయి. పెద్ద టైరు మింగేసేది ఆ మిగులునే. విజయవాడ హైవే మీద చలానా వచ్చినప్పుడు ముల్లు హద్దులోనే ఉందని చెప్పుకున్నా వినేవారుండరు.

కిలోమీటర్ల మీటరు కూడా అలాగే వెనకబడుతుంది. నిజంగా వంద కిలోమీటర్లు నడిస్తే 94.5 అని చూపిస్తుంది. మైలేజీ దారుణంగా పడిపోయిందని వినిపించే మాటలో కొంత భాగం ఈ లెక్క తేడాయే. మీటరు ప్రకారం లీటరుకు 12 వస్తే అసలు వచ్చింది 12.7. మిగతా నష్టం మాత్రం నిజమే: బరువు, గరుకు బటన్లు, గాలిని ఎదుర్కొనే వెడల్పు. సర్వీసు గడువులు కూడా మీటరు చూసే లెక్కపెడతాం కాబట్టి ఆయిలు మార్పు కొంచెం ముందుకు జరుపుకోవాలి.

ఇవన్నీ తెలిసినవాళ్లు పెద్ద టైరు వేస్తే ఏం చేస్తారో చూడాలంటే అమెరికా కంపెనీలను చూడాలి. 2021లో జీప్ సంస్థ రాంగ్లర్ రూబికాన్‌కు 35 అంగుళాల ఎత్తున్న టైర్లను ఫ్యాక్టరీలోనే బిగించి అమ్మడం మొదలుపెట్టింది. ఆ ప్యాకేజీలో టైర్లు ఒక అంశం మాత్రమే. ఇరుసు గేర్ల నిష్పత్తిని 4.10 నుంచి 4.56కు పెంచి, పోయిన లాగుడును తిరిగి తెచ్చారు. సస్పెన్షన్‌ను ఒకటిన్నర అంగుళాలు లేపారు. స్టెప్నీ మోసే వెనక తలుపు కీళ్లను గట్టిచేశారు. అదే ఏడాది ఫోర్డ్ బ్రాంకోకు సాస్క్వాచ్ ప్యాకేజీ పేరుతో 35 అంగుళాల టైర్లు ఇచ్చినప్పుడు కూడా వేరే షాక్ అబ్జార్బర్లు, వెడల్పాటి మడ్‌గార్డులు, వేరే గేర్ నిష్పత్తి దానితోపాటే వచ్చాయి. ఆ జాబితా పక్కన మన ఊళ్లో జరిగేది పెట్టి చూడండి. ఒక పూటలో నాలుగు టైర్లు, ఓ అలైన్‌మెంటు, డబ్బు చెల్లింపు, అయిపోయింది. గేర్ల సంగతి ఎవరూ ఎత్తరు. వెనక తలుపుకు వేలాడే స్టెప్నీ బరువు పెరిగి కీళ్లు కిర్రుమనడం మొదలయ్యాకే అది గుర్తొస్తుంది. థార్‌కూ జిమ్నీకీ స్టెప్నీ ఉండేది అక్కడే.

ఎత్తైన బండికీ టైరుకూ మధ్య లెక్క తప్పితే ఎంత నష్టం జరుగుతుందో కూడా అమెరికాయే చూసింది. 2000 ఆగస్టులో ఫైర్‌స్టోన్ సంస్థ 65 లక్షల టైర్లను వెనక్కి పిలిచింది. వాటిలో ఎక్కువ భాగం ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ ఎస్‌యూవీలకు వేసినవి. హైవే మీద ట్రెడ్ పొర ఊడిపోవడం, ఎత్తైన బండి అదుపు తప్పి దొర్లడం. అక్కడి రహదారి భద్రతా సంస్థ 271 మరణాలను ఆ టైర్లతో ముడిపెట్టింది. అవి పెద్ద సైజు టైర్లు కావు, కంపెనీ బిగించినవే. అయినా గాలి పీడనం, బరువు, ఎండ, వేగం, బండి ఎత్తు అన్నీ కలిసి ఏం చేయగలవో ఆ వ్యవహారం చూపించింది. టైర్లలో గాలి తగ్గితే హెచ్చరించే వ్యవస్థను అమెరికా తప్పనిసరి చేసిందంటే దాని వెనకున్న కారణం ఇదే. బండిని ఇంకాస్త లేపి, ఇంకాస్త బరువైన టైరు వేసి, గాలి ఎంత పెట్టాలో దుకాణం కుర్రాడి అంచనాకు వదిలేసే పద్ధతి మన దగ్గర మామూలుగా ఉంది. దీన్ని మాత్రం ఎంతమాత్రం సహించకూడదు.

నిజంగా పెద్ద టైరు లేకపోతే పని జరగని చోటు కూడా ఒకటుంది. ఐస్‌లాండ్‌లో హిమానీనదాల మీద తిరిగే జీపులకు 38 నుంచి 44 అంగుళాల టైర్లు వేస్తారు. 1990లో మొదలైన ఆర్కిటిక్ ట్రక్స్ సంస్థ టయోటా హైలక్స్‌లను ఇలా మార్చడంలో పేరు తెచ్చుకుంది. అక్కడ మడ్‌గార్డులు కోసి, గేర్లు మార్చి, మార్చిన బండిని ప్రత్యేక తనిఖీ చేయించి నమోదు చేసుకుంటారు. మెత్తటి మంచు మీదికి వెళ్లగానే గాలిని రెండు మూడు పీఎస్ఐ దాకా దించేస్తారు. ఆ బండిని మంచు మీద తేల్చేది వెడల్పాటి రబ్బరులో ఉన్న అతి తక్కువ గాలి. టైరు పెద్దదిగా ఉండటం అంత తక్కువ గాలితో నడవడానికి పనికొస్తుంది.

ఈ కిటుకు మనకూ పనికొస్తుంది, దానికి పైసా ఖర్చు లేదు. జిమ్నీ బరువు దాదాపు 1200 కిలోలు, చక్రానికి 300. టైరులో 26 పీఎస్ఐ గాలి ఉంటే స్థూలంగా 165 చదరపు సెంటీమీటర్ల రబ్బరు నేలను తాకుతుంది. 15కు దించితే 285 అవుతుంది. నేల మీద పట్టు ఇంత పెరగడం టైరు సైజు పెంచడం వల్ల సాధ్యం కాదు. ఇసుకలో కూరుకుపోయిన బండి గాలి తీయగానే బయటపడటం దీనివల్లే. తీసిన గాలిని తారు రోడ్డెక్కేముందు మళ్లీ కొట్టాలి, లేకుంటే టైరు కాగి పేలుతుంది. బండిలో చిన్న కంప్రెసరు, నమ్మదగ్గ గేజు ఉండాలి. ఇసుక అనగానే సూర్యలంక లాంటి తీరాలు గుర్తొస్తాయి. శీతాకాలం చివర నుంచి వేసవి దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్లు మన తీరంలో గుడ్లు పెడతాయి, ఇసుక కిందున్న ఆ గూళ్లు చక్రం కింద నలిగిపోతాయి. అక్కడికి బండి తీసుకెళ్లకపోవడమే మేలు.

మన నేలల్లో అసలు పరీక్ష నల్లరేగడి. ఆదిలాబాద్‌లోనో కర్నూలులోనో వాన పడ్డ చేలగట్టు మీద సైజు కంటే బటన్ల తీరే ముఖ్యం. ఆల్ టెర్రైన్ టైరు గాళ్లు నిమిషంలో జిగురుమట్టితో నిండి గుండు టైరులా తయారవుతాయి. మడ్ టెర్రైన్ టైరుకు గాళ్లు వెడల్పు, తిరిగే వేగానికి మట్టిని విసిరికొడుతుంది. అదే టైరు తడి తారు మీద ఆగడానికి ఎక్కువ దూరం తీసుకుంటుంది, హైవే మీద హోరెత్తిస్తుంది. నెలకోసారి వికారాబాద్ అడవి అంచుకు వెళ్లి మిగతా రోజులు ఆఫీసుకు వెళ్లేవారు మడ్ టెర్రైన్ వేసుకోవడం తమకూ ఎదుటివారికీ మంచిది కాదు. కంపెనీ సైజులోనే మంచి ఆల్ టెర్రైన్ టైరు వేస్తే వాళ్ల అవసరంలో చాలావరకు తీరిపోతుంది.

చట్టం ఏమంటుంది? మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు మొదట నిర్దేశించిన వివరాలకు తేడా వచ్చేలా యజమాని బండిని మార్చకూడదు. 2019 జనవరిలో కేరళ కేసు ఒకదానిలో సుప్రీంకోర్టు ఈ మాటను గట్టిగా చెప్పింది. ఆ కేసు టైర్ల గురించి కాదు, బండి నిర్మాణం గురించి. అయినా తనిఖీ అధికారులు ఎక్కువగా ఎత్తి చూపేది ఆ తీర్పునే. అదే ఏడాది చట్టానికి చేర్చిన 182ఏ సెక్షన్ కింద అనుమతి లేని ఒక్కో మార్పుకు ఐదు వేల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. శ్రీనగర్‌లో మార్పులు చేసిన ఒక థార్ యజమానికి మెజిస్ట్రేటు ఆరు నెలల జైలు విధించి, సత్ప్రవర్తన పూచీ మీద వదిలిన వార్త దేశమంతా చదివింది. ఆ మార్పుల్లో పెద్ద టైర్లు కూడా ఉన్నాయి. కాబట్టి ఎవరికైనా భద్రమైన గీత ఒకటే: అదే మోడల్‌లో ఏదో ఒక వేరియంట్‌కు కంపెనీ ఇచ్చిన సైజు. 16 అంగుళాల థార్‌కు 18 అంగుళాల థార్ టైరు, రిమ్ వేస్తే అడిగేవారికి చూపించడానికి కంపెనీ పుస్తకం ఉంటుంది. 33 అంగుళాల ఎత్తు టైరుకు వెళ్తే ఏమీ ఉండదు, ప్రమాదం జరిగితే బీమా సర్వేయరు అడిగే మొదటి ప్రశ్నే అది.

దుకాణంలో చూడాల్సినవి. పక్కగోడ మీద సైజు తర్వాత ఉండే అంకె మోయగల బరువు, అక్షరం ఓర్చుకోగల వేగం. 96 అంటే ఒక్కో టైరు 710 కిలోలు, 111 అంటే 1090. ఎస్ అంటే గంటకు 180 కిలోమీటర్లు, క్యూ అంటే 160. బరువు అంకె కంపెనీ టైరు కంటే తగ్గకూడదు. నాలుగంకెల తయారీ తేదీలో మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ ఏడాది. 2324 అంటే 2024లో 23వ వారం. తగ్గింపు ధరకు ఇస్తున్న టైరు మీద ఈ అంకె తప్పక చూడాలి. ఐఎస్ఐ గుర్తు మన దేశంలో తప్పనిసరి. దిగుమతి టైరైనా అది ఉండాల్సిందే. ప్రతి టైరుకూ ఇంత వెడల్పు రిమ్ అని తయారీదారు పట్టిక ఉంటుంది. సదాశివపేటలో ఎంఆర్ఎఫ్, తిరుపతి జిల్లా చినపాండూరులో అపోలో టైర్లు తయారవుతున్న నేల ఇది, అయినా ఆ పట్టిక తీసి చూపించే దుకాణం అరుదు. అడిగి తీయించాలి. టైరు లోపలికి తగులుతోందని స్పేసర్ పెట్టి బయటికి జరిపితే బేరింగుల మీద భారం పెరుగుతుంది. ఫోర్ బై ఫోర్ వాడేవారైతే నాలుగు చక్రాలూ ఒకే ఎత్తు ఉండి తీరాలి, లేదంటే ట్రాన్స్‌ఫర్ కేసు దెబ్బతింటుంది. పాత సైజు స్టెప్నీని అలాగే ఉంచుకుంటే పంక్చర్ అయిన రోజున ఈ నియమం తప్పుతుంది. అందుకే కొనాల్సినవి ఐదు.

బిగించాక స్టీరింగ్‌ను అటూ ఇటూ పూర్తిగా తిప్పి చూడాలి, ఒక చక్రాన్ని అరుగు మీదికి ఎక్కించి కూడా. నిలువుగా నిలబడ్డప్పుడు తగలని టైరు సస్పెన్షన్ నొక్కుకున్నప్పుడు మడ్‌గార్డుకో ఛాసిస్‌కో రాసుకుంటుంది. బండి ముందు భాగం లేస్తే హెడ్‌లైట్ల చూపు కూడా పైకి లేచి ఎదురొచ్చే మోటారుసైకిలు వాడి కళ్లలో పడుతుంది. వాటిని కిందకు దించుకోవాలి. థార్ రాక్స్ పై వేరియంట్ల లాంటి, ముందు అద్దం దగ్గర కెమెరా ఉన్న బండ్లను ఎత్తు మార్చాక సర్వీస్ సెంటర్‌కు తీసుకెళ్లి ఆ కెమెరాను సరిచేయించాలి. వంద కిలోమీటర్లు తిరిగాక నట్లను టార్క్ రెంచితో మళ్లీ బిగించాలి. గాలి ఎంత ఉండాలన్నది తలుపు పక్కనున్న స్టిక్కర్ ఇక చెప్పదు, అది పాత టైరుకు రాసింది. కొత్త టైరు కంపెనీ లోడ్ పట్టిక చూసి పెట్టాలి. కంపెనీ టైర్లను అప్పటికప్పుడే దుకాణంలో ఎక్స్ఛేంజ్‌కు ఇచ్చేయకుండా కొన్ని వారాలు ఇంట్లో ఉంచుకోవడం మంచిది. ఒక ఘాట్ రోడ్డు, ఒక వాన రాత్రి, ఒక నిండు బండి ప్రయాణం చూశాక ఆ అమ్మకం సంగతి ఆలోచించుకోవచ్చు.